జాబితాలో మీ నంబరు లేని రోజు

ఫలితాలొచ్చాయని గ్రూపులో మెసేజ్ చూశారు. పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి హాల్‌టికెట్ నంబరు కొట్టారు. దొరకలేదు. ఒక అంకె తప్పు పడిందేమోనని మళ్లీ కొట్టారు. ఈసారి పేజీలు జరుపుకుంటూ కళ్లతోనే వెతికారు. మీ ముందు నంబరుంది, మీ తర్వాతి నంబరుంది. మీది లేదు.

తర్వాత అయిదు నిమిషాల్లో మీ తలలో ఏం జరిగింది? ఇంట్లో ఏం చెప్పాలి? వయసు మీరిపోతోంది కదా? ఇన్నేళ్లూ పెట్టిన డబ్బు ఏమైనట్టు? నాతోపాటు చదివిన వాళ్లంతా స్థిరపడ్డారు, నేనిక దేనికీ పనికిరానా? ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి రాలేదు. ఒక్కసారే మీద పడ్డాయి. అందుకే ఊపిరాడలేదు.

మీరు అశోక్‌నగర్‌లో అద్దె గదిలో ఉన్నా, అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ హాస్టల్లో ఉన్నా, ఊళ్లో సొంత ఇంటి మేడ మీద చదువుకుంటున్నా ఈ అధ్యాయం మీకోసమే. ఇందులో నేను చెప్పదలచుకున్నది ఒకటే. భయం చిక్కుపడ్డ దారపుండలాంటిది. కంగారుపడి లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఒక్కో కొస వెతికి విడదీస్తే, ప్రతి పోగూ మీరు చేయగలిగిన ఏదో ఒక పనిగా మారుతుంది. ఆశ ఆ పనుల్లోంచే పుడుతుంది. దానికోసం మనసు బాగుపడేదాకా ఎదురుచూడక్కర్లేదు.

ముందు తప్పొప్పుల లెక్క తేల్చుకుందాం

పరీక్ష పోగానే మనం చేసే మొదటి పని, మొత్తం నేరం మన మీదే వేసుకోవడం. కాస్త ఆగి ఈ రెండు సంగతులు చూడండి.

తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు పడింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్‌లో మరోసారి ప్రిలిమ్స్ నిర్వహించారు. అంటే ఒక్క గ్రూప్-1 కోసం అభ్యర్థులు ఇరవై నెలల్లో మూడుసార్లు ప్రిలిమ్స్ రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చింది, కానీ ఆ పరీక్షలు జరగలేదు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వెలువడేసరికి 2025 ఏప్రిల్ అయింది.

ఆ ఏళ్లలో చదువుకుంటూ కూర్చున్నవాళ్ల సోమరితనం వల్ల ఈ ఆలస్యం జరిగిందా? లేదు కదా. మరి మీరు పోగొట్టుకున్న కాలమంతా మీ ఖాతాలోనే ఎందుకు రాసుకుంటున్నారు?

పోస్టులు వందల్లో, రాసేవాళ్లు లక్షల్లో ఉన్న పరీక్షలో బాగా చదివినవాళ్లు కూడా ఎక్కువమంది బయటే మిగులుతారు. మీ వంతు తప్పులు ఉండవచ్చు, వాటి సంగతి అయిదో మెట్టులో చూద్దాం. మీవి కాని తప్పుల్ని మాత్రం ఈరోజే దించేయండి.

ఏడు మెట్లు

1. మూడు రోజులు ఏ నిర్ణయమూ తీసుకోకండి

ఫలితం చూసిన రాత్రి తీసుకునే నిర్ణయాలు ఎలా ఉంటాయి? 'ఇక పుస్తకం ముట్టను', 'రేపే వేరే కోచింగ్‌లో చేరతా', 'ఊరికి ఇక వెళ్లను'. ఇవన్నీ నొప్పి పలికించే మాటలు. పుస్తకాలు అమ్మేయడం, గది ఖాళీ చేయడం, ఫీజు కట్టేయడం, ఫోన్ నంబరు మార్చేయడం, ఏదైనా సరే మూడు రోజుల తర్వాతే.

ఈ మూడు రోజులూ మీ పని శరీరాన్ని చూసుకోవడమే. వేళకు తినండి. ఆకలి లేకపోయినా మెస్‌కు వెళ్లి రెండు ముద్దలైనా తినండి. ఏడుపొస్తే ఏడవండి. గుండె దడదడలాడితే నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. పదిసార్లు చేయండి. గదిలో ఒంటరిగా ఉండకండి. స్నేహితుణ్ని రమ్మనండి, లేదా మీరే వాళ్ల గదికి వెళ్లి పడుకోండి.

2. ఇంటికి ముందు మీరే చెప్పండి

చాలామంది తప్పుకుపోయేది ఇక్కడే. ఫోన్ ఎత్తరు. లేదా 'ఇంకా రిజల్ట్స్ రాలేదు' అంటారు. ఆ ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి రోజూ ఇంకో అబద్ధం ఆడాలి. పైగా టీవీలో, పేపర్లో ఫలితాల వార్త ఇంటికి ఎలాగూ చేరుతుంది.

చెప్పడానికి పెద్ద ఉపన్యాసం అవసరం లేదు. మూడు మాటలు చాలు: ఏమైంది, నేనెలా ఉన్నాను, మళ్లీ ఎప్పుడు మాట్లాడతాను. ఒక ఫోన్ సంభాషణ ఎలా సాగవచ్చో చూడండి.

"బాపూ, రిజల్ట్స్ వచ్చినయ్. నా నంబర్ లేదు."

"..."

"మనసు బాగలేదు. గని మంచిగనే ఉన్న. దోస్తు పక్కనే ఉన్నది."

"అన్నం తిన్నవా బిడ్డా?"

"ఇంక తినలే. ఇప్పుడు పోతున్నం. ముందు ఏం చేద్దామన్నది ఆదివారం ఇంటికొచ్చి మాట్లాడుత."

"సరే తీయ్. మొదలైతే తిను."

అవతల ఆ కాసేపటి మౌనాన్ని కోపమనుకోకండి. వాళ్లకూ ఇది దెబ్బే, మాట కూడదీసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. అవతలివాళ్లు కసిరినా, 'ఆదివారం మాట్లాడదాం' అని పెట్టేయండి. ఆ రోజే వాదనకు దిగి గెలవాల్సిన అవసరం మీకు లేదు.

3. ఒక కాగితం తీసుకుని భయాన్ని విడదీయండి

నాలుగో రోజు పొద్దున్నే కూర్చోండి. కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటిదానిపైన 'జరిగింది', రెండోదానిపైన 'జరుగుతుందేమో', మూడోదానిపైన 'నేను చేయగలిగింది' అని రాయండి. ఫోన్లో వద్దు, చేత్తోనే రాయండి.

ఒక అమ్మాయి కాగితం ఇలా ఉండవచ్చు.

జరిగింది: కటాఫ్‌కు ఏడు మార్కుల దూరంలో ఆగాను. చేతిలో నాలుగు వేలున్నాయి. అయిదో తారీఖున హాస్టల్ ఫీజు కట్టాలి. నాకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు.

జరుగుతుందేమో: ఇక ఎప్పటికీ ఉద్యోగం రాదు. నాన్న నాతో సరిగ్గా మాట్లాడడు. పెద్దమ్మ వాళ్లు నవ్వుతారు. సంబంధాలు రావు.

నేను చేయగలిగింది: హాస్టల్ ఆంటీని పదిహేనో తారీఖు దాకా గడువు అడగాలి. మార్కులు వచ్చాక ఎక్కడ పోయాయో చూడాలి. అక్క పనిచేసే స్కూల్లో ఖాళీ ఉందేమో కనుక్కోవాలి. ఆదివారం ఊరికి టికెట్ చేయించాలి.

ఇప్పుడు ఆ కాగితాన్ని మీరే చదవండి. మొదటి వరసలో ఉన్నవి బాధ పెడతాయి, కానీ లెక్కకు అందుతాయి. నిద్ర చెడగొట్టేవన్నీ రెండో వరసలోనే ఉన్నాయి, వాటిలో ఒక్కటీ ఇంకా జరగలేదు. రెండో వరసలోని ప్రతి వాక్యం పక్కన 'దీనికి నా దగ్గరున్న ఆధారం ఏమిటి?' అని రాసి జవాబు వెతకండి. 'నాన్న సరిగ్గా మాట్లాడడు' అని రాసుకున్నారు సరే, పోయినసారి ఏం చేశాడు? 'ఎప్పటికీ' అన్న మాట రాసి ఉంటే కొట్టేయండి. ఏడు మార్కులు తక్కువ పడినంత మాత్రాన జీవితాంతం ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత మూడో వరసలోంచి అన్నిటికంటే చిన్న పని తీసుకుని ఆరోజు సాయంత్రంలోపు చేసేయండి. హాస్టల్ ఆంటీతో మాట్లాడటం పది నిమిషాల పని. అది అయిపోయాక ఛాతీ మీద బరువు ఎంత తగ్గిందో మీకే తెలుస్తుంది.

4. చింతకు ఒక వేళ పెట్టండి

'ఆలోచించకు' అంటే ఆలోచన ఆగుతుందా? ఆగదు, ఇంకా ఎక్కువవుతుంది. అందుకని దాన్ని తరిమేయడం మాని, దానికో సమయం ఇవ్వండి. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా అనుకోండి. పగలు చదువు మధ్యలోనో, భోజనం దగ్గరో భయం పుట్టుకొస్తే ఒక చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం రాసి, 'ఆరింటికి చూద్దాం' అనుకుని పనిలోకి వెళ్లండి. ఆరింటికి నిజంగానే కూర్చుని ఆ పుస్తకం తెరవండి. పొద్దున రాసిన వాటిలో కొన్ని సాయంత్రానికే పస లేనివిగా కనిపిస్తాయి. మిగిలినవి మూడో మెట్టులోని కాగితం మీదికి వెళ్తాయి.

ఇందులో జాగ్రత్త ఒకటుంది. ఆ అరగంటను పడుకునే ముందు పెట్టుకోకండి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి, ఒక్క వాక్యం రాసి పడుకోండి. ఆ వేళలో ఏ సమస్యైనా ఉన్నదానికంటే పెద్దగానే కనిపిస్తుంది. అప్పుడు జీవితం గురించి తీర్పులు చెప్పుకోవద్దు.

5. మార్కుల్ని తిట్టకండి, చదవండి

వారం తర్వాత, మనసు కాస్త కుదుటపడ్డాక, ప్రశ్నపత్రం, కీ ముందు పెట్టుకోండి. పోయిన ప్రతి ప్రశ్నకూ మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: తెలియక పోయింది, తెలిసీ తొందరలో పోయింది, తెలియకపోయినా ఊహించి రాసి పోగొట్టుకున్నది.

ఇది ఎందుకంత ముఖ్యం? సివిల్స్ ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్ పేపరే తీసుకోండి. 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు జవాబుకు మూడో వంతు కోత. 30 ప్రశ్నలకు గుడ్డిగా ఊహించి రాసి అన్నీ తప్పయితే, రావాల్సినవి రాకపోవడం అటుంచి, చేతిలో ఉన్న 20 మార్కులు పోతాయి. ఇలా పోగొట్టుకున్న మనిషికి కావాల్సింది ఇంకో ఏడాది కోచింగా? కాదు, ఏ ప్రశ్న వదిలేయాలో తెలిసేలా మాక్ టెస్టులు. 'నాకు చదువు రాదు' అన్న బాధకు మందు లేదు. '18 ప్రశ్నలు తొందరలో పోయాయి' అన్నదానికి ఉంది. దిగులు అంకెగా మారితే దానితో పని చేయించుకోవచ్చు.

6. గడువు పెట్టుకోండి, పక్కన ఇంకో దారి తెరవండి

సివిల్స్‌కు నియమాలే హద్దు గీశాయి. జనరల్ కేటగిరీకి 6 అటెంప్టులు, ఓబీసీలకు 9. ఎస్సీ, ఎస్టీలకు వయోపరిమితి లోపు ఎన్నిసార్లయినా. కానీ మీ ఇంటి పరిస్థితిని బట్టి మీ హద్దు మీరే గీసుకోవాలి. ఎన్ని ప్రయత్నాలు, ఏ నెల దాకా, నెలకు ఎంత ఖర్చు? ఈ మూడూ ఇంట్లోవాళ్లతో కూర్చుని కాగితం మీద రాయండి. హద్దు ఉంటే ధైర్యం తగ్గుతుందనుకుంటారు చాలామంది. నిజానికి ఎటూ తేలని ఎదురుచూపే మనిషిని కుంగదీస్తుంది. గడువు తెలిస్తే ఆ గడువులోపు మనసు పెట్టి చదవగలరు.

మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ పేరు మీరు వినే ఉంటారు. సివిల్స్-2017లో దేశంలోనే మొదటి ర్యాంకు. అది ఆయన ఐదో ప్రయత్నం. రెండో ప్రయత్నంలో ఐఆర్ఎస్ వచ్చింది, ఆ తర్వాత రెండుసార్లు అనుకున్నది దక్కలేదు. మనం మొదటి ర్యాంకునే గుర్తుపెట్టుకుంటాం. ఆయన ఉద్యోగంలో ఉండి చదివారన్నది మరిచిపోతాం. సివిల్స్-2016లో మూడో ర్యాంకు సాధించిన శ్రీకాకుళం జిల్లావాసి రోణంకి గోపాలకృష్ణ కూడా అప్పటికి ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడే. కాలు మోపడానికి నేల చూసుకుని పైమెట్టుకు చేయి చాచారు ఇద్దరూ.

అయిదుసార్లు రాసిన ప్రతివాళ్లకూ ర్యాంకు వస్తుందని నేను చెప్పను. 2017 పరీక్షలో సివిల్స్‌కు ఎంపికైనవాళ్లు 990 మంది. రాసి ఇంటికెళ్లినవాళ్లు లక్షల్లో. ఆ లక్షల మంది జీవితాలు అక్కడితో ఆగిపోలేదు. వాళ్లు నేర్చుకున్న చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాసే అలవాటు, గంటల తరబడి కుదురుగా కూర్చునే ఓపిక వాళ్లతోనే ఉన్నాయి. పాఠాలు చెప్పేవాళ్లున్నారు, బ్యాంకుల్లో, ప్రైవేటు కంపెనీల్లో చేరినవాళ్లున్నారు, సొంత వ్యాపారం పెట్టుకున్నవాళ్లున్నారు. కాబట్టి ఇప్పుడే ఒక పార్ట్‌టైమ్ పని చూసుకోండి. పిల్లలకు ట్యూషన్ చెప్పినా, స్టడీ హాల్లో నిర్వహణ చూసినా, కోచింగ్ సెంటర్‌లో పేపర్లు దిద్దినా సరే. నెలనెలా సొంత చేతుల్లోకి వచ్చే నాలుగు డబ్బులు ఇచ్చే ధైర్యం ఏ ప్రసంగమూ ఇవ్వలేదు.

7. నలుగురి ప్రశ్నకూ ఒక్క జవాబు సిద్ధం చేసుకోండి

పెళ్లికో, పండగకో వెళ్తే ఎవరో ఒకరు అడుగుతారు, 'ఏమైందిరా నీ గ్రూప్స్?' అని. ఆ ప్రశ్నకు భయపడి ఎన్ని శుభకార్యాలు ఎగ్గొట్టారు మీరు? ఒక వాక్యం ముందే తయారు చేసుకోండి. "ఈసారి రాలేదు మామయ్యా. వచ్చే జూన్ దాకా చూస్తా, ఈలోపు స్కూల్లో చెబుతున్నా." నిజం ఉంది, గడువు ఉంది, చేస్తున్న పని ఉంది. చెప్పేసి, "అత్తయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని మీరే అడగండి. అడిగినవాళ్లలో చాలామందికి కావాల్సింది మీతో నాలుగు మాటలే. దెప్పడానికే అడిగేవాళ్లు ఒకరిద్దరుంటే, వాళ్లకూ ఆ వాక్యమే. వివరణలు వద్దు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

* సెలెక్టయిన రూమ్‌మేట్‌తో పోల్చుకోవడం. ఆ మనిషి గతంలో ఎన్నిసార్లు పోగొట్టుకుంటే ఇది వచ్చిందో ఒక్కసారి అడగండి. కుళ్లు పోయి స్నేహం మిగులుతుంది, పనికొచ్చే సలహా కూడా దొరుకుతుంది.

* తప్పులు చూసుకోకుండా కోచింగ్ మార్చడం. అయిదో మెట్టు పూర్తికాకుండా ఎక్కడా ఫీజు కట్టకండి.

* ఇంట్లో చెప్పకుండా అప్పు చేయడం. లోన్ యాప్‌ల జోలికి అసలే వెళ్లకండి. పరీక్ష భయం మోయడమే కష్టం, దానిమీద వడ్డీ భయం కూడా ఎందుకు?

* ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని మనసును బలవంతపెట్టడం. దిగులుగా ఉన్న రోజున దిగులుగానే ఉండి కూడా ఒక గంట చదవవచ్చు, ఒక ఫోన్ చేయవచ్చు.

* 'అంతా నా ఖర్మ' అని వదిలేయడం. ఆ మాట అనేశాక ఇక చేయాల్సిన పనే కనిపించదు.

అమ్మానాన్నలకు ఒక మాట

ఈ పేజీ మీ చేతికి వస్తే, మొదటి రోజు మూడు ప్రశ్నలు అడక్కండి: ఎన్ని మార్కులు తక్కువైనయి, పక్కింటి అబ్బాయికి వచ్చిందా, ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందో తెలుసా? 'తిన్నావా, ఇంటికి వస్తావా, పక్కన ఎవరున్నారు' అన్నవే అడగండి. ఖర్చు సంగతి మాట్లాడాల్సిందే, కానీ వారం తర్వాత, ఇంట్లో కూర్చుని, ఆరో మెట్టులో చెప్పిన కాగితం ముందు పెట్టుకుని. బిడ్డకు మీరు కలిగించాల్సిన నమ్మకం ఒకటుంది. ఉద్యోగం వచ్చినా రాకున్నా ఈ ఇంటి తలుపు తెరిచే ఉంటుందని. మనసులో ఉంటే సరిపోదు, ఆ మాట నోటితో చెప్పండి.

ఈ మెట్లు చాలవనిపిస్తే

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోతే డాక్టరును కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ నిమిషమే పక్కనున్నవాళ్లకు చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడం కదా, మనసు నలతగా ఉంటే ఎందుకు పడాలి?

ఈరోజే చేయాల్సిన మూడు పనులు

ఈ అధ్యాయం చదివి బాగుందనుకుని పక్కన పెట్టేస్తే నా శ్రమా మీ సమయమూ వృథా. అందుకని పడుకునేలోపు మూడు పనులు చేయండి. ఫలితం సంగతి ఇంకా చెప్పని ఇంటి మనిషి ఎవరైనా ఉంటే ఫోన్ చేసి చెప్పండి. మూడు వరసల కాగితం రాయండి. మూడో వరసలో రేపు చేయబోయే ఒక్క పనికి వేళ నిర్ణయించి దాని పక్కనే రాయండి.

రేపు ఆ వేళకు ఆ పని చేశారంటే, పరీక్ష పోయిన మనిషి చేతిలో తన జీవితం ఇంకా ఉందని మీకు మీరే రుజువు చేసుకున్నట్టు. ఎల్లుండికి ఇంకో పని రాసుకోండి.